ఎండ పెట్టె, చలి పెట్టె

"రెయిలింగు మీద చెయ్యి తియ్యి! నీకే చెప్తాండేది!"

సోమవారం సాయంత్రం బాల్కనీ తలుపు నెట్టి గుల్జార్ బేగం అరిచిన అరుపుకి ఫైజా చేతిలోని బట్టల క్లిప్పు జారిపోయి, మూడంతస్తుల కింద ఎవరిదో కారు మీద టక్కుమని పడింది.

"చూసినావా? ఆ క్లిప్పు బదులు నువ్వయింటే?"

"నేనయితే టక్కుమనను లే మా. దబ్బుమంటా."

"నీ నోట్లో మన్ను పడ! సందేళ అనే మాటలేనా అవి?"

దుబాయ్ కరామాలోని ఆ గదికొచ్చి ఆరేళ్లయినా గుల్జార్ ఆ బాల్కనీ కమ్మీలకి ఒక్కసారి కూడా ఆనుకోలేదు. గడప లోపలే నిలబడి చీపురు కర్రతో బట్టల్ని తీగ మీదకి తోస్తుంది, ఆరాక అదే కర్రతో లాక్కుంటుంది. గ్యాసు కట్టేశారా అని గదిలో ఇద్దర్ని అడుగుతుంది, ఇద్దరూ కట్టేశామంటే మూడోసారి తానే పోయి చూస్తుంది. లిఫ్టులోకి ఐదో మనిషి ఎక్కితే తను దిగిపోతుంది. అట్లాంటి మనిషి కూతురికి ఓడలో ఉద్యోగమొచ్చింది.

సరుకుల ఓడ కాదు. వేల మంది ఉన్నవాళ్లు ఎక్కి, ఊరూరా దిగి చూసుకుంటూ తిరిగే ఓడ. బర్ దుబాయ్‌లో ఒక హోటల్లో మూడేళ్లుగా గదులు సర్దుతున్న ఫైజా అక్కడి నుంచే దీనికి రాసింది. ఇంటర్వ్యూ అయింది, డాక్టరు పరీక్షలయ్యాయి, వీసా పడింది. శనివారం పొద్దున విమానమెక్కి బార్సిలోనాలో దిగి ఓడెక్కాలి. జూలై అంతా ఓడ స్పెయిను, ఇటలీ ఎండల్లో తిరుగుతుంది. ఆగస్టులో పైకి, నార్వే చలిలోకి పోతుంది. ఎనిమిది నెలల కాంట్రాక్టు. శుక్రవారం సాయంత్రం ఆరు లోపల ఏజెంటుకి ఆఖరి మాట చెప్పడం ఒక్కటే మిగిలింది. ఆ మాటని ఫైజా తీసుకుపోయి తల్లి చేతిలో పెట్టింది.

"నువ్వు సరే అంటేనే పోతా మా. వద్దంటే ఖలాస్, ఈడనే దుప్పట్లు మార్చుకుంటా ఉంటా. తర్వాత నన్ను తిట్టగూడదు. నేనూ నిన్ను తిట్టను" అంది వారం కిందట.

గుల్జార్ సరే అనలేదు. వద్దనీ అనలేదు. ఒక పెట్టె కొనుక్కొచ్చి సర్దడం మొదలుపెట్టింది.

ఇప్పుడా పెట్టె కింది మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. రెండు సీసాల జిందా తిలిస్మాత్ మందు, టార్చిలైటు, దానికి ఆరు బ్యాటరీలు, మూడు రకాల కడుపునొప్పి మాత్రలు, దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు, ఎర్ర దారం కట్టిన ప్లాస్టిక్ ఈల.

పక్క మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న లక్ష్మవ్వ ఈలని తీసి చూసింది. లక్ష్మవ్వది జగిత్యాల వైపు. ఒక క్లినిక్కులో తుడిచే పని. గదిలో అందరికంటే పెద్దది.

"ఏందే బేగమూ, గీ ఈలెందుకే?"

"నీళ్లల్లో పడితే ఊదేదానికి. ఈల ఊదితే పడవోళ్లకి వినపడుతుందంట లక్ష్మక్కా, ఫోన్లో చూసినా."

"షార్కులకు గుడ వినవడ్తది మరి. గవ్విటికేమన్న పెట్టినవా?"

ఫైజా పగలబడి నవ్వింది. గుల్జార్ నవ్వలేదు. లక్ష్మవ్వ ఇచ్చిన మసాలా పొడిని చాయ వడగట్టే జల్లెడలో పోసి, వేలితో రాస్తూ, ట్యూబులైటు కిందకి పోయి మరీ చూస్తోంది.

"గసాలెయ్యలే తల్లీ, ఒట్టు. ఈ దేశంల గసగసాలు దొర్కుతయా, నేనేస్తనా?"

"నీ మీద అపనమ్మకం కాదక్కా. ఒక్క గింజున్నా మత్తుమందని ఎయిర్‌పోర్టులో పిల్లని పట్టుకుంటారు. నాకు తెలిసినోళ్లకే అయింది."

"మా, సరే అంటావా అనవా?" అంది ఫైజా, నవ్వు ఆపి.

"ముందు మేజోళ్లు ఎన్ని కావాల్నో తేలనీ" అంది గుల్జార్, జల్లెడ మీంచి తలెత్తకుండా.

మేజోళ్ల సంగతి ఆమెకి బాగానే తెలుసు. అది సంజన మేడం పుణ్యం.

గుల్జార్ పొద్దున పూట పనిచేసే నాలుగిళ్లలో సంజన ఇల్లు ఒకటి. బర్ దుబాయ్‌లో పద్నాలుగో అంతస్తు. విజయవాడ వాళ్లు. ఆమె, భర్త నాగేంద్రబాబు కూడా ఈ నెలాఖరుకే ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. అది ఇంకో కంపెనీ ఓడ. వారం ఇటలీ వైపు, మళ్లీ వారం నార్వే వైపు. ఇంటి నిండా పెట్టెలు. పసుపు రిబ్బను కట్టింది ఎండ పెట్టె, నీలం రిబ్బను కట్టింది చలి పెట్టె.

మంగళవారం పొద్దున సంజన సోఫాలో కాళ్లు ముడుచుకుని చీటీ చదువుతుంటే, గుల్జార్ నేల మీద కూర్చుని బట్టలు చాపలా చుట్టి పెడుతోంది. మడతేస్తే చోటు ఎక్కువ పడుతుంది, చుడితే రెండు పట్టే చోట మూడు పడతాయి. ఆ పని గుల్జార్‌కి ఎవరూ నేర్పనక్కర్లేదు. గల్ఫులో ఆమె సర్దిన పెట్టెల్లో ఇంతవరకూ ఒక్క సీసా పగల్లేదు.

"నార్వేకి ఒకటే మందపాటిది వేసుకుంటే కుదరదు గుల్జార్. పొరలు పొరలుగా వేసుకోవాలి. లోపల ఒంటికి అంటుకునేది, దాని మీద ఉన్నిది, పైన వానకి తడవనిది. డెక్కు మీద గాలి కోసేస్తుందంట. ఉన్ని మేజోళ్లు ఆరు జతలు పెట్టావా?"

"పెట్టినా మేడం."

"ఇటలీకి టోపీలు, ఎండ క్రీము. చర్చిల్లోకి వెళ్లేటప్పుడు భుజాల మీద కప్పుకోవడానికి ఓ పల్చటి శాలువా. ఇంకా ఏముంది... దుర్భిణి. ఒక జత బట్టలు మాత్రం చేతి సంచిలో పెట్టు, పెద్ద పెట్టెలు సాయంత్రం దాకా గదికి రావంట."

గుల్జార్ వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటీ లెక్క పెట్టుకుంది. చూపుడు వేలు మూడు కణుపులూ చలివి, మధ్య వేలు ఎండవి. పని ముగించి కిందకి పోతూ లిఫ్టులో, సూపర్‌మార్కెట్టు కాగితం వెనక, తెలుగులో గబగబా రాసుకుంది. సముద్రం ఎవరికైనా సముద్రమే, ఓడ ఎవరికైనా ఓడే. మేడానికి ఏది కావాలో తన పిల్లకీ అదే కావాలి. డబ్బున్నవాళ్లకి మాత్రం చలి తక్కువేస్తుందా?

అంతకు ముందు శుక్రవారం సంజన ఆమెకి ఒక నీలం కోటు ఇచ్చింది. లోపల ఈకలు నింపిన కోటు. ఎప్పుడో మిషనులో తప్పుగా వేసి ఉతికితే ఈకలన్నీ ఒక్కోచోట ఉండలు కట్టుకుని, కోటు కాస్తా మసిగుడ్డలా అయిపోయింది. "పారేద్దామనుకుంటున్నా. మీ అమ్మాయికి పనికొస్తుందేమో చూడు" అంది.

పనికొస్తుందో రాదో గుల్జార్ వేళ్లకి తెలుసు. ఆమె తండ్రి దూదేకేవాడు. ఏకుడు విల్లు భుజాన వేసుకుని రాయచోటి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పరుపులు కుట్టేవాడు. గట్టిపడిన దూదిని చేత్తో పట్టుకుని, లాగకుండా, చించకుండా, పిల్ల తలలో చిక్కు తీసినట్టు విడదీయాలని ఐదేళ్లప్పుడే నేర్పాడు. గదిలో చోటు లేదని గుల్జార్ కోటుని సంజన వాళ్ల బట్టలుతికే గదిలోనే తగిలించింది. రోజూ పని అయ్యాక అరగంట నిలబడి, ఒక్కో గడిలో ఈకల ఉండని బయటి నుంచే రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి, విడదీసి, సన్నటి కర్రతో మెల్లగా కొట్టి, మళ్లీ నలిపింది. భుజాల దగ్గర ఉండలు మొండివి. వాటికే మూడు రోజులు పట్టింది. మంగళవారం మధ్యాహ్నానికి కోటు ఊపిరి పీల్చుకున్నట్టు పొంగింది. గుల్జార్ దాంట్లోకి ఒక చెయ్యి దూర్చి కాసేపు అట్లాగే ఉంచింది. చెయ్యి వెచ్చబడింది. ఆ క్షణం మాత్రం ఓడ మునగడం గురించి ఆమె తలపుకి రాలేదు.

బుధవారం పొద్దున సంజన సబ్బుపొడి కోసం ఆ గదిలోకి వచ్చి నిలబడిపోయింది.

"అయ్యో, ఇది ఆ కోటేనా! ఎలా చేశావ్?" తగిలించినదాన్ని తీసుకుని ఒంటికి ఆనించుకుంది, అద్దం దగ్గరికి వెళ్లొచ్చింది. "నేను పాడైపోయిందనుకున్నానే. గుల్జార్, నువ్వేం అనుకోకు... ఎలాగూ నార్వేకి నాకు ఒకటి కావాలి కదా. మళ్లీ కొత్తది కొనడమెందుకు? మీ అమ్మాయికి నా పాత స్వెట్టర్లు రెండున్నాయి, అవి తీసుకెళ్లు."

"అట్లనే మేడం" అంది గుల్జార్.

అని, బక్కెట్టులో గుడ్డ ముంచి నేల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే రెండుసార్లు తుడిచింది.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు పెట్టెని లిఫ్టులో దింపి కింద కరీముల్లా దుకాణానికి తీసుకుపోయారు. నెల్లూరు మనిషి. ఊళ్లకు పంపే కార్టన్లు కట్టి, తూచి, తాళ్లు బిగించడంలో కరామాలో అతని చెయ్యి పేరున్న చెయ్యి. పెట్టెని కాటా మీదకి ఎత్తగానే ముల్లు గిర్రున తిరిగింది.

"ఇరవై ఏడు. నాలుగు కిలోలు ఎక్కువ గుల్జారక్కా. ఏం పెట్టావు, ఓడకి లంగరు కూడా నువ్వే పంపిస్తున్నావా?"

"నువ్వు ముందు తాడు కట్టు కరీమన్నా. నాలుగు పక్కలా కట్టు. పేరు నాలుగు పక్కలా రాయి. ఓడ మునిగితే పెట్టైనా..."

"మా!" ఫైజా మొహం ఎర్రబడింది. "ఇంటికి పంపే కార్టనా ఇది? తాడు కట్టిన పెట్టెతో ఓడెక్కితే అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. కరోనా అప్పుడు ఓడల్ని ఏ ఊరోళ్లూ దగ్గరికి రానీలేదంట. నెలల తరబడి నీళ్లల్లోనే పెట్టినారంట. అప్పుడు నవ్వినోళ్లు వస్తారా నీకు మాత్రలిచ్చేదానికి?"

నాలుగు కిలోలు తగ్గించడానికి దుకాణంలోనే పెట్టె తెరిచారు. ఫైజా ఒక్కొక్కటే బయట పెడుతోంది. ఉన్ని మేజోళ్లు ఆరు జతలు. రెండు స్వెట్టర్లు. ఉన్ని టోపీ. ఎండ టోపీ. ఎండ క్రీము. చర్చికి కప్పుకునే శాలువా. అన్నిటికీ అడుగున, చున్నీలో చుట్టి, చవక దుకాణంలో కొన్న దుర్భిణి.

ఫైజా దుర్భిణిని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదెందుకు మా?"

"తిమింగలాలు కనపడతాయంట నార్వేలో. మా మేడం పెట్టుకుంది."

ఫైజా తల్లి మొహంలోకి చూసి, చూపు తిప్పుకుని, దుర్భిణిని మళ్లీ చున్నీలో చుట్టింది. "కరీమన్నా, తాడు ఇప్పుడొద్దు. రేపు కడుదువులే" అంది మెల్లగా.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఫైజా హోటలు నుంచి తొందరగా వచ్చేసింది. తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుని, ఫోను ఆమె మోకాళ్ల మధ్య నిలబెట్టింది.

"మా, నీకొకటి చెప్పలే. నాది గదులు సర్దే పని కాదు. లాండ్రీ. గదుల పనికి ఇంగ్లీషు ఇంకా బాగా రావాలంట. నువ్వు భయపడతావని చెప్పలే. సుభాషిణి అని ఒక తెలుగమ్మాయి, అదే ఓడలో రెండేళ్ల నుంచి లాండ్రీలో చేస్తాంది. నువ్వే మాట్లాడు. చూసి, అప్పుడు చెప్పు నీ మాట."

తెర మీద జుట్టుకి వల కట్టుకున్న అమ్మాయి మొహం కనిపించింది. కారుతున్న చెమటని మోచేత్తో తుడుచుకుంది. వెనక గది అంత పెద్ద మిషను ఒకటి గిరగిర తిరుగుతోంది. ఆ చప్పుడుకి ఆమె అరిచి మాట్లాడాల్సి వస్తోంది.

"నమస్తే ఆంటీ! తిన్నారా?"

"తిన్నా అమ్మా. నువ్వు యాడుండావు? ఇది ఓడేనా?"

"ఓడేనండీ. ఓడ పొట్ట." ఫోను తిప్పి చూపించింది. తలకి తగిలేంత కిందుగా గొట్టాలు. గోడ పొడుగునా ఆరబెట్టే మిషన్లు. చక్రాల బళ్లలో గుట్టలుగా తెల్ల దుప్పట్లు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని ఒక దుప్పటిని వేడి రోలర్లలోకి పంపిస్తున్నారు. వాళ్లు తల ఎత్తలేదు.

"కిటికీ ఏది?"

"కిటికీ పెడితే నీళ్లొచ్చేస్తాయి ఆంటీ!" నవ్వింది సుభాషిణి. "మేముండే చోటుకి సముద్రం పైన ఉంటుంది."

గుల్జార్ చెయ్యి పైట కొసని వెతుక్కుంది.

"నార్వే చూసినావా అమ్మా?"

"పోయినేడు నాలుగుసార్లు వెళ్లొచ్చామండీ. ఫోటోల్లో చూశా. పైన పనిచేసే వాళ్లు గ్రూపులో పెడతారు. కొండల మీంచి నీళ్లు పడుతుంటాయి, భలే ఉంటుంది."

"సలి?"

"దుప్పట్లని బట్టి తెలుస్తుంది. పైవాళ్లు రెండేసి దుప్పట్లు కప్పుకుంటే మాకు ఉతుకు రెట్టింపు. అప్పుడు అనుకుంటాం, నార్వే వచ్చిందని. ఈత తువ్వాళ్లు ఎక్కువొస్తే ఇటలీ. మాకు మాత్రం ఎప్పుడూ ఇదే సీజను ఆంటీ, మన నెల్లూరు మే నెల!"

"పైకి పోనియ్యరా మిమ్మల్ని?"

"ఎందుకు పోనివ్వరూ? ఓడ ముందు వైపు పనివాళ్లకని ఒక చిన్న డెక్కుంది. వెళ్లొచ్చు. కానీ పదకొండు గంటలు నిలబడ్డాక తొమ్మిది అంతస్తులు ఎక్కే ఓపిక ఎవరికుంటుంది? మంచమే కనిపిస్తుంది. నేనీసారి ఎక్కి నాలుగు నెలలైంది, రెండుసార్లు వెళ్లానంతే."

ఎవరో పిలిచారు. సుభాషిణి చెయ్యి ఊపింది. తెర ఆగిపోయింది.

"చెప్పు మా" అంది ఫైజా. "ఇప్పుడైనా చెప్పు. వద్దంటే వద్దు."

గుల్జార్ లేచి పెట్టె దగ్గరికి పోయింది. ఉన్ని మేజోళ్లు తీసింది. స్వెట్టర్లు తీసింది. ఎండ టోపీ, చలి టోపీ, శాలువా, క్రీము, ఆఖరికి దుర్భిణి. అన్నీ మంచం మీద వరసగా పేర్చింది. పెట్టెలో నాలుగు జతల పల్చటి బట్టలు, మాత్రలు, జిందా తిలిస్మాత్, ఈల మిగిలాయి.

పక్క మంచం మీద నుంచి లక్ష్మవ్వ తొంగి చూసింది. గుల్జార్ మొహం చూసి, దుప్పటి సర్దుకుని అటు తిరిగి పడుకుంది.

"ఇంత తేలిగ్గా ఉందేమే పెట్టె" అంది గుల్జార్, ఒంటి చేత్తో ఎత్తి దించి. ఫైజా రెండోసారి అడగలేదు.

శుక్రవారం సంజన ఇంట్లో ఆఖరి సర్దుడు. రాత్రికి వాళ్ల విమానం. చలి పెట్టె మూత పడటం లేదని సంజన కొత్త రకం సంచులు తెప్పించింది. బట్టలు అందులో పెట్టి, గొట్టంతో గాలి లాగేస్తే అన్నీ అప్పడంలా అణిగిపోతాయి. గుల్జార్ నీలం కోటుని తన చేత్తోనే ఆ సంచిలో పెట్టి, గొట్టం ఆనించి, మీట నొక్కింది. చూస్తుండగానే కోటు బుస్సుమని కుంగి, ముడుతలు పడి, అట్టలా గట్టిపడింది. నాలుగు రోజుల వేళ్ల పని. ఆమె చూపు తిప్పుకోలేదు.

పెట్టె జిప్పు వేయబోతుండగా నాగేంద్రబాబు వచ్చాడు. చేతిలో కొత్త కోటు సంచి.

"ఎందుకండీ, ఉందిగా నాకు!" అంది సంజన, కానీ అప్పుడే తొడుక్కుంటోంది. కొత్తది ఎరుపు, మోకాళ్ల దాకా. అద్దంలో అటూ ఇటూ తిరిగి, నీలం కోటున్న సంచిని పెట్టెలోంచి లాగి గుల్జార్ వైపు జరిపింది. "ఇదిగో, కావాలంటే నువ్వే తీసుకెళ్లు."

గుల్జార్ దాని వైపు చూసింది.

"వద్దు మేడం. మా పాప ఉండే చోట సలి ఉండదంట."

"అదేంటి, నార్వేకేగా?"

"నార్వేకే మేడం."

సంజనకి ఫోనొచ్చింది. గుల్జార్ చెప్పులేసుకుని, చెత్త సంచి పట్టుకుని వచ్చేసింది.

పనివాళ్ల లిఫ్టు కింది అంతస్తులో ఆగలేదు. ఇంకా దిగి పార్కింగు కింద రెండో అంతస్తులో ఆగి తలుపు తెరుచుకుంది. ఎవరూ లేరు. గుప్పుమని వేడి కొట్టింది. కిందుగా గొట్టాలు, ఎక్కడో ఆగకుండా తిరుగుతున్న మోటారు. కిటికీ లేదు. చెత్త డబ్బా అక్కడే ఉంటుంది. ఇంతకాలంగా రోజూ చూసే చోటే. సంచి డబ్బాలో వేసి, రోజూలాగే మెట్ల వైపు తిరగాల్సిన మనిషి అక్కడే నిలబడింది.

నిలబడి, తలెత్తి పై కప్పు చూసింది. పద్నాలుగు అంతస్తులు ఆ గొట్టాల మీదే నిలబడి ఉన్నాయి. పైన ఎండ ఉంది. క్రీకు నీటి మీద పడవలున్నాయి. ఇక్కడి నుంచి ఏదీ కనపడదు. మెడ వెనక చెమట జారింది. ఇన్ని దినాలూ తను భయపడిందంతా పైన జరిగేవాటి గురించే. అల, గాలి, రెయిలింగు. పిల్ల రెయిలింగు దాకా రాదేమో, ఎనిమిది నెలలూ దాని చెయ్యి దేనికీ ఆనదేమో అన్న భయం ఎప్పుడూ రాలేదు.

లిఫ్టు ఇంకా అక్కడే ఉంది. లోపలికి పోయి పద్నాలుగు నొక్కింది. మధ్యలో నాలుగో అంతస్తులో ఐదుగురు ఎక్కారు. గుల్జార్ దిగలేదు.

బెల్లు కొడితే సంజనే తీసింది, చెవి దగ్గర ఫోనుతో.

"మేడం, ఆ కోటు ఇయ్యండి."

ఆ ఇంట్లో చేరిన మూడేళ్లలో ఆమె ఏదీ అడిగి ఎరగదు. సంజన ఫోను కిందకి దించింది.

"చలి లేదన్నావుగా?"

"కింద లేదు మేడం. పైన ఉండాది."

సంజనకి అర్థమైనట్టు లేదు. అయినా లోపలికి పోయి అట్టలాంటి సంచిని తెచ్చి చేతిలో పెట్టింది. "జాగ్రత్త, ఆ ఉండలు మళ్లీ కట్టాయేమో" అంది.

"కట్టినా ఇప్పదీస్తా" అంది గుల్జార్.

నాలుగున్నరకి ఫైజా డ్యూటీ నుంచి వచ్చేసరికి గదిలో యుద్ధంలా ఉంది. కింది మంచం మీద కోటు పరిచి, గుల్జార్ రెండు వేళ్లతో ఉండలు నలుపుతోంది. లక్ష్మవ్వ రొట్టెల కర్రతో కొడుతోంది.

"గట్టిగా కొట్టొద్దక్కా, ఈకలు విరుగుతాయి!"

"మా క్లినిక్కు ముదీర్ సారు గుడ ఇట్ల పని చెప్పడే! ఇంగ యాడ గొట్టాలె, సూపియ్యి. ఈ బాతు ఎవ్వలిదో గని సచ్చినంక గుడ దాన్ని ఇడిశిపెడ్తలేవు."

"ఇదేంది మా? మళ్లీ ఎట్లొచ్చింది ఇది?"

"తొడుక్కో" అంది గుల్జార్.

"ఈ ఉక్కలోనా? ఒళ్లు ఉడికిపోతాది. ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేసినాడు మా. ఆరు లోపల..."

"తొడుక్కో అంటాండా గదా!"

ఫైజా తొడుక్కుంది. గుల్జార్ ముందుకొచ్చి జిప్పుని గడ్డం దాకా లాగింది. టోపీ తల మీదకి వేసి, నాడాలు చెవుల కింద ముడేసింది. భుజం దగ్గర ఇంకా ఒక ఉండ మిగిలింది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని రెండుసార్లు నలిపి వదిలేసింది. అప్పుడు కూతురి చెయ్యి పట్టుకుని బాల్కనీ తలుపు తెరిచింది. గాలి పొయ్యి ముందర నిలబడ్డట్టు కొట్టింది.

గడప దగ్గర గుల్జార్ ఆగింది. చీపురు కర్ర గోడకి ఆనించి ఉంది. దాని వైపు చూడలేదు. ఒక కాలు అవతల పెట్టింది. రెండో కాలు పెట్టింది. తీగ మీది బట్టల్ని పక్కకి తోసి, ఫైజాని లాక్కుంటూ చివరి దాకా పోయింది.

"యా అల్లా" అంది లోపల నుంచి లక్ష్మవ్వ, గుల్జార్ మాట తను తీసుకుని. "బేగం రెయిలింగు కాడికి వోయింది! ఎవలన్న ఫోటో తియ్యుండ్రే!"

గుల్జార్ ఎడం చెయ్యి కమ్మీ మీద వేసింది. ఎండకి కాలి ఉంది కమ్మీ. చెయ్యి తియ్యలేదు. కిందకి చూడలేదు, ఎదురుగా ఉన్న మిద్దెల మీంచి, ఏమీ లేని వైపు చూసింది.

"ఎంత అలుపుగా ఉన్నా సరే. నిద్ర పోతే పోయింది. వారంలో ఒక్క దినమన్నా ఆ తొమ్మిది అంతస్తులూ ఎక్కల్ల. ఎక్కి ఇది తొడుక్కుని, ఇట్ల నిలబడల్ల. కొండలో, తిమింగలాలో, ఏముంటే అది చూడల్ల. ఫోటోల్లో కాదు. కోటు పెట్టెలో అన్నిటికన్నా పైన పెడతా, ఎతుక్కోవాల్సిన పని లేకుండా."

ఫైజా మొహం నిండా చెమట. టోపీ అంచు నుంచి చుక్క ఒకటి ముక్కు మీదకి జారింది. తుడుచుకోలేదు.

"రెయిలింగు కాడికి పోవద్దంటివే మా."

"అన్నా."

"అంటే... ఏజెంటుకి ఫోన్ చేసేదా?"

కింద ఎవరో కారు తలుపు వేశారు. గుల్జార్ ఉలిక్కిపడి, కూతురి కుడి చేతిని తీసుకుని, తన చేతి పక్కనే కమ్మీ మీద పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే దాని చుట్టూ ముడిచింది.

"గట్టిగా పట్టుకో" అంది.